గండికోటలో 5,100, జమ్మలమడుగులో 310

ముందు లెక్క చెప్పేస్తాను. గండికోటలో ఒక రాత్రి టెంటులో పడుకున్నందుకు మాకు వదిలింది 5,100 రూపాయలు. మర్నాడు పొద్దున జమ్మలమడుగులో నలుగురం కడుపు పట్టనంత టిఫిన్ తింటే అయింది 310. రాయాలనుకున్నది ఆ టిఫిన్ గురించే గానీ, టెంటు సంగతి చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు.

డిసెంబరులో ఒక శనివారం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల మా వాడు, తెనాలి నుంచి వచ్చిన మామయ్యగారు. హైదరాబాద్ నుంచి కర్నూలు, బనగానపల్లె మీదుగా కార్లో వెళ్లేసరికి సాయంత్రం నాలుగు దాటింది. టూరిజం వాళ్ల హరితలో రూములు దొరక్క, ఫోన్లో వెతికి ఒక టెంట్లాయనకి ముందే 1,800 పంపాను. "డిన్నర్, చలిమంట, పొద్దున టిఫిన్ అన్నీ అందులోనే సార్" అన్నాడు. తీరా వెళ్లాక ఒక్కోటీ బయటికి తీశాడు. టెంటుకి 1,800 చొప్పున రెండింటికి 3,600. చలిమంటకి విడిగా 500. మా వాడికి అదనపు పరుపు 300. పరుపంటే యోగా చాప. భోజనం అంటే ఆరిపోయిన చపాతీలు, క్యాబేజీ కూర, నీళ్ల చారు. చికెన్ కావాలంటే ప్లేటు 350 అన్నాడు, రెండు తీసుకున్నాం. ప్లేటుకి నాలుగు ముక్కలు, అందులో ఒకటి మెడ.

ఇరవై టెంట్లకి రెండు బాత్రూములు. పక్క టెంట్ల కుర్రాళ్లు సౌండ్ బాక్సు పెట్టి ఒంటిగంట దాకా గోల. మామయ్యగారు శాలువా కప్పుకుని బయట కుర్చీలో కూర్చుని, "దీనికన్నా తెనాలి స్టేషన్ ప్లాట్‌ఫారం నయం అల్లుడుగారూ" అన్నారు. మా ఆవిడ ఆ మాట కూడా అనలేదు. అనకపోవడమే ఎక్కువ భయం.

పొద్దున లోయ చూశాం. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ కింద పెన్నా, మీద ఎండ పడగానే ఎర్రబడే రాళ్లు. బాగుంది. కోటలో మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం అన్నీ నడిచే దూరంలోనే ఉన్నాయి. తిరిగి వస్తే టెంట్లాయన టిఫిన్‌కి మనిషికి 150 అన్నాడు. ఉప్మాకి! దండం పెట్టి సామాను కార్లో పడేశాం. మసీదు దగ్గర మేకలు తోలుకొస్తున్న పెద్దాయన్ని అడిగితే, "ఈడేముంది సార్, జమ్మలమడుగుకు పోండి. ఉగ్గాని తినండి" అన్నాడు.

కొండ దిగి పదిహేను కిలోమీటర్లు. బజారు వీధిలో ఒక రేకుల షెడ్డు, బయట జనం. బోర్డు లేదు, మెనూ లేదు. లోపల నాలుగు బల్లలు. మిగతావాళ్లు నిలబడి తింటున్నారు. బస్సు డ్రైవర్లు, బట్టల కొట్ల కుర్రాళ్లు, క్యారియర్లు పట్టుకుని ఇళ్లకి పార్సిల్ తీసుకెళ్లేవాళ్లు. పెనం దగ్గర ఒకావిడ, బజ్జీల బాణలి దగ్గర ఆమె భర్త. నలభై నిమిషాల్లో ఆమె పెనం మీది నుంచి చూపు తిప్పింది మూడే సార్లు.

ఉగ్గాని ప్లేటు 30, అందులోనే రెండు మిరపకాయ బజ్జీలు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: బొరుగుల్ని నీళ్లలో ముంచి, వెంటనే గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాళింపులో కలిపి, పైన పప్పుల పొడి చల్లుతారు. పప్పులంటే ఇక్కడ పుట్నాలు. మామయ్యగారు ప్లేటు చూసి, "మరమరాలు తడిపి పెట్టడమేంటి, ఇదో టిఫినా?" అని మొహం తిప్పుకున్నారు. బజ్జీ కొరికి, ఒక చెంచా ఉగ్గాని నోట్లో పెట్టుకున్నాక మాట లేదు. రెండో ప్లేటు ఆయనే చెప్పుకున్నారు.

అసలు సరుకు ఎర్రకారం దోశ, 40 రూపాయలు. ఎండుమిర్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి కలిపి నూరిన కారాన్ని దోశ మీద చేత్తో పూసినంత ఒత్తుగా రాసి, దాని మీద మళ్లీ పప్పుల పొడి. అడుగు కరకర, నడుమ మెత్తన. పక్కన బొంబాయి చట్నీ. ఈ కారం నాలుక మీద మొదలై చెవుల దాకా వెళ్తుంది. మా వాడు ఒక్క ముక్కకే కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆమె చూసి, మేం అడక్కముందే, "పిల్లోనికి కారం లేకుండా ఏస్తాండా" అని నెయ్యి దోశ పంపింది. దానికి 30 మాత్రమే తీసుకుంది. మా ఆవిడ ఆ పూట మొదటిసారి నాతో మాట్లాడింది: "ఇంకో కారం దోశ చెప్పండి."

బిల్లు: ఉగ్గాని మూడు 90, కారం దోశలు నాలుగు 160, నెయ్యి దోశ 30, టీలు మూడు 30.

లోపాలు లేవని కాదు. టీ పాకంలా ఉంది. బాత్రూము లేదు, చెయ్యి కడగడానికి బయట ఒక కుళాయి. మంచినీళ్ల సీసా మీరే తెచ్చుకోండి. కారు పెట్టడానికి వీధి చివరిదాకా వెళ్లాలి. పదింటికి వెళ్తే బజ్జీలు అయిపోయి ఉంటాయట. నా మాట వింటే టెంట్ల జోలికి పోకండి. రాత్రి జమ్మలమడుగులోనే లాడ్జిలో పడుకుని, తెల్లారుజామున అయిదింటికి కొండెక్కి, ఎనిమిదింటికల్లా ఈ షెడ్డు ముందు నిలబడండి.

రెండు ఉగ్గాని పార్సిళ్లు, ఇంకో 60 రూపాయలు, కట్టించుకుని బెలూం గుహలకి వెళ్లాం. గుహల పొడవు మొత్తం 3,229 మీటర్లు, మనల్ని తిరగనిచ్చేది అందులో సగం లోపే. లోపల ఉక్క. ఆయాసం వస్తుందని మామయ్యగారు దిగలేదు, కార్లోనే కూర్చుంటానన్నారు. చెమటలు కక్కుతూ బయటికి వచ్చి చూస్తే పార్సిళ్లు రెండూ ఖాళీ. "ఆలస్యమైతే మెత్తబడిపోతుందని ఆమె చెప్పింది కదా" అన్నారు. మనవడి కోసం మాత్రం ఒక బజ్జీ కాగితంలో చుట్టి పక్కన పెట్టారు, లోపలి మిరపకాయ తీసేసి.