ఐమూల కుదిరిందని మురిసిపోకండి: రణస్థలం వైపు స్థలం కొనేవాళ్లకు

నిన్న సాయంత్రం నుంచి ఒళ్లు మండిపోతోంది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం దాటాక, హైవేకి లోపలగా సరుగుడు తోటల మధ్య 20 సెంట్లు కొన్నాను. మధ్యవర్తి ఎవరో ఆ వైపు తిరిగేవాళ్లకు చెప్పనవసరం లేదు.

కొలతల మనిషిని కూడా ఆయనే తెచ్చాడు. అక్కడే నాకు అనుమానం రావలసింది. పడమటి కంచె మూలనున్న సిమెంటు స్తంభాన్ని అమ్మకందారు పెద్దాయన అరచేత్తో తట్టి, "మా తాతల నాటి హద్దు బాబూ" అన్నాడు. సిమెంటు స్తంభం, తాతల నాటిదట! తల ఊపాను. అక్కడే టేపు కొస పెట్టి 66 అడుగుల వెడల్పు, 132 అడుగుల పొడవు లాగారు. సర్వే గొలుసు 66 అడుగులు కాబట్టి ఒక గొలుసు వెడల్పు, రెండు గొలుసుల పొడవు, సరిగ్గా 20 సెంట్లు. రెండో కొస పట్టుకున్నది నేనే. ఐమూలగా, అంటే మూల నుంచి ఎదురు మూలకు కూడా లాగించాను. రెండు వైపులా 147 అడుగుల 7 అంగుళాలు. మూలమట్టానికి వంక పెట్టలేం. కాకపోతే ఆ దీర్ఘచతురస్రం పక్కవాళ్ల భూమిలోకి జరిగి కూర్చుంది.

తూర్పు వైపు ప్రహరీ నడుమెత్తు లేచాక ఆ వైపు తోటాయన మండల సర్వేయరును పిలిపించారు. ఆయన మా కంచెల వైపు చూడనైనా లేదు. ఎఫ్.ఎం.బి. (పొలాల హద్దులు, కొలతలు ఉండే ప్రభుత్వ సర్వే పుస్తకం) పటం తెరిచి సర్వే రాళ్లు వెతికారు. ఒకటి గట్టు మీదే ఉంది. రెండోదాన్ని తుప్పల కింద పలుగుతో తవ్వి తీశారు. ఆ రెండింటి మధ్య దూరం పటంలోని లింకులతో (లింకు అంటే గొలుసులో నూరో వంతు) సరిపోయాకే నా స్థలం దగ్గరికి వచ్చారు, మూడో రాయి నుంచి మళ్లీ సరిచూశారు. పడమటి కంచె 10 లింకులు, అంటే సుమారు 6 అడుగుల 7 అంగుళాలు తూర్పుకు జరిపి వేసినదని తేలింది. 200 లింకుల పొడవునా లెక్కేస్తే 2 సెంట్లు, దాదాపు 97 గజాలు.

నేను సివిల్ డిప్లొమా చదివినవాణ్ణి. మొత్తం నుంచి భాగానికి రావాలి, కొత్త బిందువును కనీసం రెండు స్థిరమైన గుర్తుల నుంచి నిలపాలి. సర్వేయింగ్‌లో మొదటి పాఠం ఇదే. పరీక్షలో రెండు మార్కులకు రాశాను కూడా. మార్కుకొక సెంటు చొప్పున ఇప్పుడు తిరిగి కట్టాను.

అసలు మంట అది కాదు. పెద్దాయన ఇంటికి వెళ్లాను. బయానా ఇచ్చిన రోజు కొబ్బరి బొండం కొట్టించి "మా అబ్బాయి లాంటివాడివి" అన్న మనిషి, నిన్న కూర్చోమని కూడా అనలేదు. వసారాలో చుట్ట వెలిగించుకుంటూ, "ఇంజనీరు గారు, మీరే కదా టేపు పట్టుకున్నారు! మేం చదువుకోనివాళ్లం, మాకేం తెలుస్తుంది?" అన్నాడు. పక్కనే ఉన్న మధ్యవర్తి ఫోనులోకి తల వంచి నవ్వుకున్నాడు. ఆ నవ్వు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. నెల కిందటి వరకు "బాబు"ని, డబ్బు చేతిలో పడగానే "ఇంజనీరు గారు" అయిపోయాను.

పడమటాయనను అడిగితే, కంచె మా నాన్న వేసింది, కావాలంటే కోర్టుకు వెళ్లమన్నాడు.

కొనేవాళ్లు రిజిస్ట్రేషన్‌కు ముందే ఎఫ్.ఎం.బి. నకలు తీసుకుని, రుసుము కట్టి ప్రభుత్వ సర్వేయరుతో రాళ్ల నుంచి కొలిపించండి. ఫోనులో హద్దులు చూపిస్తామంటే నమ్మకండి, అందులో కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. నాకు తేడా వచ్చింది రెండు మీటర్లే.

ఎల్లుండి గోడ పడగొట్టిస్తున్నాను. ఇటుకలు కావలసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.