అమ్మానాన్నల మొదటి అమెరికా ప్రయాణం: దుబాయ్, దోహా, అబుదాబీల్లో ఎక్కడ మారితే మేలు?

టికెట్ బుక్ చేసేటప్పుడు మనం ముందు ధర చూస్తాం. నేనూ అంతే. కానీ అరవై దాటిన అమ్మానాన్నలు మొదటిసారి శంషాబాద్‌లో విమానం ఎక్కుతున్నారంటే అసలు టెన్షన్ విమానంలో ఉండదు, మధ్యలో దిగి మారే చోట ఉంటుంది. గేటు నంబరు ఎక్కడ చూడాలి, ఎంత దూరం నడవాలి, ఎవరిని అడగాలి అనేదే వాళ్ల భయం. హైదరాబాద్ నుంచి మనవాళ్లు ఎక్కువగా ఎంచుకునే గల్ఫ్ దారులు మూడు. వాటిని డ్యూటీ ఫ్రీ షాపుల లెక్కన కాకుండా, మోకాళ్ల నొప్పులున్న మనిషి లెక్కన చూద్దాం.

ముందు దుబాయ్. 1960లో మొదలైన ఈ విమానాశ్రయం ఇప్పుడు అంతర్జాతీయ ప్రయాణికుల లెక్కలో ప్రపంచంలోనే మొదటిది. 2024లో 9.23 కోట్ల మంది దీని మీదుగా ప్రయాణించారు. అందులో దాదాపు 1.2 కోట్లు భారత్‌కు వచ్చిపోయేవాళ్లే. అందుకే అక్కడ మనవాళ్లకు పరాయి చోటన్న బెరుకు తక్కువ. హిందీ వస్తే చాలావరకు పని జరిగిపోతుంది. కరీంనగర్ నుంచో, కోనసీమ నుంచో వచ్చి అక్కడ పని చేస్తున్నవాళ్ల తెలుగు పక్క వరసలోంచి వినబడినా ఆశ్చర్యం లేదు. అమెరికాలో చాలా ఊళ్లకు నేరుగా విమానాలున్నాయి. ఒకటి తప్పినా ఇంకొకటి దొరికే అవకాశం ఎక్కువ.

ఇబ్బంది దాని పరిమాణంతోనే. ఎమిరేట్స్ వాళ్ల టెర్మినల్ 3లో ఏ, బీ, సీ అని మూడు కాంకోర్సులు (విమానం ఎక్కే గేట్లుండే భాగాలు) ఉన్నాయి. 2013లో తెరిచిన 'ఏ' కాంకోర్సును పెద్ద ఏ380 విమానాల కోసమే కట్టారు. 'సీ'లో దిగి 'ఏ'లో ఎక్కాల్సి వస్తే, ముందు 'బీ' దాకా వెళ్లి, అక్కడ రైలెక్కాలి. మధ్యలో మళ్లీ సెక్యూరిటీ చెక్. చదువుకున్న పిల్లలకు ఇది పెద్ద పని కాదు. భుజాన బ్యాగు, చేతిలో మందుల సంచితో, అర్ధరాత్రి నిద్రకళ్లతో నడిచే అమ్మకు మాత్రం పెద్దదే. ఇంకో సంగతి, టికెట్లో మొదటి విమానం ఫ్లైదుబాయ్ అనే సంస్థదని ఉంటే ఎన్నో నంబరు టెర్మినల్లో దిగుతుందో తప్పకుండా చూడండి. టెర్మినల్ 2 రన్‌వేలకు అవతలి వైపు ఉంది. అక్కడ దిగితే టెర్మినల్ 3కి బస్సులో రావాలి.

చుట్టూ ఊరు పెరిగిపోవడంతో ఈ విమానాశ్రయానికి ఇక విస్తరించే చోటు లేదు. అందుకే 2024 ఏప్రిల్‌లో 12,800 కోట్ల దిర్హాముల ఖర్చుతో దుబాయ్‌లోనే ఉన్న రెండో విమానాశ్రయం అల్ మక్తూమ్‌లో కొత్త టెర్మినల్‌కు ఆమోదం ఇచ్చారు. 5 రన్‌వేలు, 400 గేట్లు, ఏడాదికి 26 కోట్ల మంది అంటున్నారు. అది పూర్తయ్యేదాకా రద్దీ అంతా పాత చోటే మోయాలి. అదే నెలలో కురిసిన వానకు రన్‌వేలు మునిగి ఎన్ని విమానాలు ఆగిపోయాయో టీవీల్లో అందరం చూశాం.

దోహా సంగతి వేరు. చాలావరకు సముద్రాన్ని పూడ్చిన నేల మీద కట్టి, 2014లో తెరిచిన విమానాశ్రయం ఇది. అందరికీ ఒకటే టెర్మినల్ కాబట్టి దిగినా ఎక్కినా ఒకే కప్పు కింద ఉంటారు. 2024లో 5.27 కోట్ల మంది వచ్చారు. 2025లో డీ, ఈ కాంకోర్సులు తెరవడంతో సామర్థ్యం 6.5 కోట్లు దాటింది. ఇక్కడా నడక ఉంది, లోపల రైలూ ఉంది. కానీ దారి తెలుసుకోవడం సులువు. కారణం మధ్యలో ఉన్న ఆ పెద్ద పసుపు ఎలుగుబంటి బొమ్మ.

మా అమ్మానాన్నలు డాలస్ వచ్చింది దోహా మీదుగానే. ఇద్దరికీ కలిపి ఒకటే మాట చెప్పాను: "ఏం తోచకపోయినా, ఎవరు తప్పిపోయినా ఎలుగుబంటి దగ్గరికి వచ్చేయండి." రెండు గంటలు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చివరికి వాట్సాప్‌లో అమ్మ గొంతు. "ఒరే, దాని కిందే కూర్చున్నాంరా. దాని నెత్తిమీంచి లైటు వస్తోంది. మీ నాన్న ఫొటో తీస్తున్నాడు." అప్పుడు గానీ నాకు ముద్ద దిగలేదు. తర్వాత వాళ్లు ఆర్చర్డ్ అనే తోట దాకా వెళ్లారట. 6,000 చదరపు మీటర్లలో, అద్దాల కప్పు కింద నిజమైన చెట్లు. ఫ్లైట్ దిగిన తర్వాత కాళ్లు చాపుకుని పచ్చటి చెట్టు పక్కన కూర్చున్నానని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. నా దృష్టిలో పెద్దవాళ్లకు బంగారం షాపుల కంటే ఇది చాలా పెద్ద సౌకర్యం.

అబుదాబీ ఈ మూడింట్లో చిన్నది. అయినా ఒక్క విషయంలో మిగతా రెండూ దాని దరిదాపుల్లోకి రావు. అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. 2014 నుంచి ఉన్న ఈ ఏర్పాటు పశ్చిమాసియాలో ఇంకెక్కడా లేదు. 2023 నవంబర్‌లో తెరిచిన కొత్త టెర్మినల్ 'ఏ'లోనూ ఉంది. వేలిముద్రలు, ఫొటో, "ఎవరి దగ్గరికి వెళ్తున్నారు, ఎన్నాళ్లుంటారు" అన్న ప్రశ్నలు అన్నీ అక్కడే. పచ్చళ్లు, పొడుల సంగతి కూడా అక్కడే తేలిపోతుంది. అమెరికాలో దిగాక లోకల్ విమానం దిగినట్టు సామాను తీసుకుని నేరుగా బయటికి వచ్చేయడమే. పద్నాలుగు పదిహేను గంటలు కూర్చుని వచ్చి, మళ్లీ పాములా మెలికలు తిరిగిన లైన్లో నిలబడే అవస్థ తప్పుతుంది.

దీనికీ రెండు షరతులున్నాయి. ఈ తనిఖీలకు సమయం పడుతుంది కాబట్టి మధ్యలో కనీసం మూడు గంటలు ఉండాలి. రెండోది, అబుదాబీ విమాన సంస్థ ఎతిహాద్ వెళ్లే అమెరికా ఊళ్లు తక్కువ. న్యూయార్క్, షికాగో, వాషింగ్టన్, బోస్టన్ లాంటి చోట్ల పిల్లలుంటే సరే. డాలస్‌కు రావాలంటే ఇంకో విమానం మారాలి. పెద్దవాళ్లకు రెండోసారి మారడమంటే తగ్గిన భారం మళ్లీ నెత్తికెక్కినట్టే.

అందుకని నా ఓటు ఇలా. మీ ఊరికి అబుదాబీ నుంచి నేరుగా విమానం ఉంటే, పదో పరకో ఎక్కువైనా అదే తీసుకోండి. లేకపోతే దోహా. దుబాయ్ చివర్న, అదీ వీల్‌చైర్ పెట్టించాకే. ఒంటరిగా, చురుగ్గా తిరిగే కుర్రాళ్లకైతే ఈ వరస వర్తించదు, వాళ్లకు దుబాయే హాయి.

వీల్‌చైర్ అంటే నామోషీ పడొద్దని ముందే నచ్చజెప్పండి. బుకింగ్‌లోనే అడగాలి, అదీ సరైన రకం. డబ్ల్యూసీహెచ్ఆర్ అనే కోడ్ అంటే దూరం నడవలేరు కానీ మెట్లు ఎక్కగలరు అని. మెట్లు కూడా ఎక్కలేకపోతే డబ్ల్యూసీహెచ్ఎస్ అడగాలి.

ఈసారి మా అత్తయ్య, మామయ్య షికాగోలో మా బావమరిది దగ్గరికి వెళ్తున్నారు. టికెట్ అబుదాబీ మీదుగానే తీశాను. మధ్యలో నాలుగు గంటలు, ఇద్దరికీ వీల్‌చైర్లు. అత్తయ్య మాత్రం ఆ పసుపు ఎలుగుబంటిని చూడలేకపోతున్నానని కొంచెం నొచ్చుకుంది.