160 రూపాయల సెలూన్ కత్తి: నాలుగు నెలల వాడకం తర్వాత

గొంతు ముడికి అటూ ఇటూ నాకు ఏళ్ల తరబడి ఎర్రటి పొక్కులు. మూడు బ్లేళ్ల రేజరు వెంట్రుకని పైకి లాగి, చర్మం మట్టానికి కిందే కోస్తుంది. అది మళ్లీ పెరిగేటప్పుడు బయటికి రాలేక లోపలే వంకర తిరుగుతుంది. గడ్డం రింగులు తిరిగే నాలాంటివాళ్లకి ఈ బాధ మరీ ఎక్కువ. పైగా నాలుగు కార్ట్రిడ్జులకి 550 రూపాయలు. అందుకే ఒంటి అంచు కత్తికి మారాను.

మొదట 1,800 పెట్టి ఆన్‌లైన్లో అసలైన మడతకత్తి, అంటే బ్లేడు మార్చకుండా దాని అంచునే సానపట్టుకునే రకం, తెప్పించాను. వచ్చీ రాగానే వాడుకోవచ్చని రాశారు. తల వెంట్రుక ఒకటి అంచుకి ఆనిస్తే తెగాలి కదా, వంగి పక్కకి జారిపోయింది. చెంప మీద పెడితే కోయదు, పీకుతుంది. సానపట్టాలంటే 1000, 4000, 8000 గ్రిట్ (నంబరు పెరిగేకొద్దీ నున్నన) సానరాళ్లు కావాలి, ఆపైన గీసుకునే ప్రతిసారీ తోలుపట్టా మీద తిప్పాలి. రాళ్ల ఖరీదే కత్తిని దాటిపోయింది. కొత్తవాళ్లెవరూ చౌక మడతకత్తితో మొదలుపెట్టొద్దు. సానపట్టడం, గీసుకోవడం రెండూ రానప్పుడు, మంట పుడితే తప్పు కత్తిదో చేతిదో అంతుపట్టదు.

దారి చూపించింది మా వీధి సెలూన్ బాబాయి. ఒకప్పుడు ఆయన కుర్చీకి కూడా తోలుపట్టా వేలాడేది. ఇప్పుడు అందరిలాగే బ్లేడు మార్చే కత్తి, అందులో మనిషికో కొత్త సగం బ్లేడు. "అదే కొనుక్కో నాయనా, పదును సంగతి బ్లేడు చూసుకుంటుంది" అన్నాడు. విజయవాడ వన్‌టౌన్లో సెలూన్ సామాన్లు అమ్మే కొట్లో 160కి స్టీలు కత్తి, 50కి పది బ్లేళ్లు, 120కి బ్రష్షు, 70కి క్రీము, పచారీ కొట్లో 20కి పటిక ముక్క. అంతా కలిపి 420.

బ్లేడుని కాగితం విప్పకుండానే నిలువుగా మధ్యకి వంచితే టక్‌మని రెండవుతుంది. ఒక్కో సగం నాకు రెండు గడ్డాలకి వస్తుంది. అంటే గడ్డానికి రూపాయి పావలా.

ఇక కత్తి. బరువు బాగుంది, చేతిలో కుదురుగా నిలుస్తుంది. లోపం బ్లేడు పట్టే చోట ఉంది. మూసేటప్పుడు ఒక కొస వెంట్రుకవాసి ముందుకి జరుగుతుంది. చూడకుండా గీస్తే ఆ మూలే గాటు పెడుతుంది. దీపం వైపు పట్టుకుని, బ్లేడు మెరుపు గీత ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే మందంలో ఉందో లేదో చూసి, లేకపోతే విప్పి మళ్లీ పెట్టండి. మూడో నెలలో మడత దగ్గరి రివెట్టు వదులైంది, చిన్న సుత్తితో రెండు దెబ్బలేస్తే బిగిసింది. తడి తుడిచి కొబ్బరినూనె చుక్క రాస్తున్నాను, తుప్పు లేదు.

మొదటి వారం చెంపలు మాత్రమే కత్తితో గీసుకున్నాను, మిగతాది పాత రేజరుతోనే. రెండో వారం మెడ. గడ్డం కొన, పైపెదవి చివరికి ఉంచుకోండి. ముందు గోరువెచ్చని నీళ్లు, శనగగింజంత క్రీము, రెండు నిమిషాలు బ్రష్షు. ఫ్యాను ఆపేయండి. మా ఊరి మే నెలలో చెంప గీసేలోపు మెడ మీద నురుగు ఎండిపోతుంది, ఎండిన నురుగు మీద కత్తి జారక పట్టేస్తుంది. అప్పుడు మళ్లీ పూయాల్సిందే.

కత్తిని చర్మానికి ముప్పై డిగ్రీల వాలులో ఆనించి, అంగుళం చొప్పున, వెంట్రుక వాలిన వైపుకే లాగాలి. నొక్కకూడదు, దాని బరువు చాలు. సరిగ్గా పడితే చిన్న గరగర శబ్దం వస్తుంది. శబ్దం ఆగి లాగినట్టనిపిస్తే వాలు తప్పిందన్నమాట. నాకు మెడ మీద ఎడమవైపు వెంట్రుకలు చెవి వైపుకి పడుకుని ఉంటాయి. ఇన్నేళ్లూ వాటిని ఎదురు గీస్తున్నానని వేలితో తడిమి చూసుకున్నాకే తెలిసింది. బాబాయి ఒకే మాట చెప్పాడు: "గడ్డం గీసేది ఎడమ చెయ్యి నాయనా, కుడి చెయ్యి వెంట వెళ్తుందంతే." చెవి దగ్గర చర్మాన్ని ఎడమ చేత్తో పైకి బిగించి పట్టుకున్న రోజు నుంచి నాకు గాట్లు దాదాపు పోయాయి.

చివర్లో తడి పటిక రుద్దండి. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ నొక్కారని అర్థం. నేను మర్నాడు ఆ చోటనే జాగ్రత్తపడేవాణ్ణి.

నెలన్నరకి పొక్కులు తగ్గాయి, ఇప్పుడు మెడ నున్నగా ఉంది. పావుగంట తీరిక లేనివాళ్లు, మొటిమలు చితికే చర్మం ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు. ఇంట్లో ఇద్దరు వాడితే ఎవరి బ్లేడు వాళ్లదే.

ఆ 1,800 కత్తిని బాబాయికిచ్చాను. అటక మీది పాత సానరాయి దించాడు, తీరిక దొరికినప్పుడల్లా కాస్త రుద్దుతున్నాడు. మొన్న చూస్తే పిడి వైపు అంచు వెంట్రుకని కోస్తోంది, కొసకి ఇంకా పదును రాలేదు.