కాలేయ కణాలు, రోగనిరోధక కణాలు: ఒకే గిన్నెలో కలపాలా, మధ్యలో పొర ఉంచాలా?

ఒంటరిగా పెంచిన హెపటోసైట్లు, అంటే కాలేయపు ప్రధాన కణాలు, మందును ఎలా విరగ్గొడతాయో చూపిస్తాయి. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు అదే పని ఎందుకు మందగిస్తుందో మాత్రం చూపించవు. అది తెలియాలంటే కాలేయంలోనే కాపురముండే మాక్రోఫేజ్‌లు (క్రిములను మింగే రోగనిరోధక కణాలు), అంటే కుప్ఫర్ కణాలు, పక్కన ఉండాలి. అందుకు మూడు దారులు: ప్లేటులోని ఒకే వెల్‌లో (చిన్న గుంటలో) కలిపి వేయడం, అడుగున హెపటోసైట్లు, పైన కుప్ఫర్ కణాలు ఉండేలా మధ్యలో సన్న రంధ్రాల పొర ఉన్న ఇన్సర్ట్ పెట్టడం, కుప్ఫర్ కణాలు పెరిగిన మీడియంను (పోషక ద్రవాన్ని) తీసి హెపటోసైట్ల మీద పోయడం.

మూడోది ముందే పక్కన పెట్టొచ్చు. కబురు ఒకవైపే వెళ్తుంది, హెపటోసైట్ల జవాబు కుప్ఫర్ కణాలకు చేరదు. పైగా ఇన్‌ఫెక్షన్‌ను అనుకరించడానికి కలిపిన ఎల్‌పీఎస్ (బాక్టీరియా పైపొరలోని పదార్థం) కూడా ఆ మీడియంలోనే మిగులుతుంది. మార్పు సైటోకైన్లదా (కణాలు కబురు పంపే ప్రోటీన్లదా), ఎల్‌పీఎస్‌దా అన్న అనుమానం తీరదు.

కాలేయం మందును విరగ్గొట్టే తీరే మీ ప్రశ్నయితే ఇన్సర్టే మేలు. ఎల్‌పీఎస్ తగలగానే కుప్ఫర్ కణాలు టీఎన్‌ఎఫ్, ఐఎల్-1 బీటా, ఐఎల్-6 అనే సైటోకైన్లను వదులుతాయి. ఐఎల్-6 హెపటోసైట్‌లో స్టాట్3 అనే సంకేత ప్రోటీన్‌ను లేపుతుంది. దాంతో వాపును సూచించే సీఆర్‌పీ పెరుగుతుంది, మందులను విరగ్గొట్టే ఎంజైమ్ సీవైపీ3ఏ4 పడిపోతుంది. ఇది ప్లేటులో మాత్రమే కనిపించే వింత కాదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగులకు ఐఎల్-6 రిసెప్టర్‌ను అడ్డుకునే టోసిలిజుమాబ్ ఒక డోసు ఇచ్చిన వారానికి, ఈ ఎంజైమ్ విరగ్గొట్టే కొలెస్ట్రాల్ మందు సింవాస్టాటిన్ ఒంటికి అందడం 57 శాతం తగ్గింది. అణిగి ఉన్న ఎంజైమ్ తిరిగి లేచిందన్నమాట. ఇదంతా మీడియంలో కరిగే ప్రోటీన్ల పని. 0.4 మైక్రాన్ల రంధ్రాల్లోంచి అవి దాటతాయి, కణాలు దాటవు. అడుగు నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏ హెపటోసైట్లదేనని ధీమాగా చెప్పొచ్చు. కలిపి వేస్తే ఆ ధీమా ఉండదు: కుప్ఫర్ కణాలు ప్లేటును గట్టిగా పట్టుకుంటాయి, ఊడదీయడానికి ట్రిప్సిన్ వేస్తే పైనున్న ప్రోటీన్లూ తెగుతాయి.

ఇన్సర్ట్‌కు ఉన్న ఇబ్బంది లెక్కలో బయటపడుతుంది. 24 వెల్స్ ప్లేటులో కొల్లాజెన్-1 పూసిన అడుగు 1.9 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 1.5 లక్షల చొప్పున సుమారు 2.85 లక్షల హెపటోసైట్లు పడతాయి. మామూలు కాలేయాన్ని పోలిన 10:1 పాళ్లకు (పది హెపటోసైట్లకు ఒక కుప్ఫర్ కణం) కుప్ఫర్ కణాలు 28 వేలు చాలు. వాపున్న కాలేయానికి వాడే 2.5:1 పాళ్లకు 1.14 లక్షలు కావాలి. ఇన్సర్ట్ పొర వైశాల్యం 0.33 చదరపు సెంటీమీటర్లు మాత్రమే, అవి దానిమీద కిక్కిరిసిపోతాయి. పైన 100, కింద 600 మైక్రోలీటర్ల మీడియంలో సైటోకైన్లు పలచబడతాయి కూడా. వాపు నమూనా ఎక్కువ రోజులు నడపాలంటే కలిపి వేయడమే నయం. అప్పుడు ఆర్‌ఎన్‌ఏ మీద ఆధారపడక, హెపటోసైట్లు మాత్రమే చేసే అల్బుమిన్‌ను, సీవైపీ3ఏ4 పనిని కొలవండి.

ఏ దారిలోనైనా ఎక్కువగా దెబ్బతీసేది డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. కణాలను ప్లేటులో వేసేటప్పటి మీడియంలో అది 1 మైక్రోమోలార్ ఉంటే కుప్ఫర్ కణాల నోరు నొక్కేసినట్టే, ఎల్‌పీఎస్ ఎంత పోసినా ఐఎల్-6 పెద్దగా రాదు. పూర్తిగా తీసేస్తే హెపటోసైట్లు ఆకారం, ఎంజైమ్‌లు రెండూ పోగొట్టుకుంటాయి. కణాలు అతుక్కున్నాక 100 నానోమోలార్‌కు గానీ ఇంకా కిందికి గానీ తగ్గించండి. ఇన్సర్ట్‌ను కాస్త వంచి దించాలి, లేకపోతే పొర కింద గాలి బుడగ చిక్కి ఆ మేర సైటోకైన్లు దాటవు.

హెపటోసైట్లు మాత్రమే ఉన్న వెల్‌లో ఎల్‌పీఎస్ వేసిన కంట్రోల్ తప్పనిసరి. అందులోనూ ఐఎల్-6 కనిపిస్తే ఆ హెపటోసైట్ల లాట్‌లో (సరఫరా విడతలో) కుప్ఫర్ కణాలు కలిసి ఉండొచ్చు. మాక్రోఫేజ్‌లను గుర్తుపట్టే సీడీ68 రంగు వేసి చూడాలి.

కుప్ఫర్ కణాల బదులు టీ కణాల (పరాయి కణాలను గుర్తుపట్టి దాడి చేసే తెల్ల రక్తకణాల) దగ్గర తూకం పూర్తిగా మారిపోతుంది. ఫ్లూక్లోక్సాసిలిన్ అనే యాంటీబయాటిక్ వల్ల వచ్చే కాలేయ గాయానికి, కణం పైనుండే హెచ్‌ఎల్‌ఏ-బీ*57:01 అణువుతో గట్టి సంబంధం ఉంది. టీ కణం ఆ అణువును గుర్తుపట్టాలంటే కణానికి కణం తగలాలి. మధ్యలో 0.4 మైక్రాన్ల పొర ఉంటే అసలు ప్రశ్నే అడగనట్టు. ఇక్కడ కలిపి వేయాల్సిందే, రెండు రకాల కణాలూ ఒకే దాతవి కావాలి. వేర్వేరు దాతలవైతే మందు వేయకముందే టీ కణాలు పరాయి కాలేయం మీద తిరగబడతాయి. మందు లేని వెల్‌లో కూడా ఏఎల్‌టీ (దెబ్బతిన్న కాలేయ కణాల నుంచి కారే ఎంజైమ్) పెరుగుతుంటే ముందుగా అనుమానించాల్సింది ఈ దాతల తేడానే.