కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌లో ఎంటెక్: ఏడేళ్ల తర్వాత నాకు పనికొస్తున్నది

ఈ కోర్సు ముగించి ఏడేళ్లయింది. సిలబస్‌లో ఏముంటుందో ఏ కాలేజీ బ్రోషర్ చూసినా తెలుస్తుంది, దాని జోలికి పోను. నాకు అన్నం పెట్టింది అందులో ఒక్క పేపరు, కాంట్రాక్టులు. అందులోనూ ఒక్క అలవాటు, పనికి వచ్చిన అడ్డంకులు, ఆగిన రోజులు నమోదు చేసే హిండ్రెన్స్ రిజిస్టర్ రాయడం.

ఆ పేపరు చెప్పింది ఆర్ అండ్ బీలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్‌గా రిటైరైన సార్. అప్పుడు క్యాంపస్‌లోనే ఒక హాస్టల్ బ్లాక్ కడుతున్నారు. సెమిస్టరంతా రోజూ సాయంత్రం అక్కడికి పంపేవారు. పని దేనివల్ల ఆగింది, ఏ రోజు ఆగింది, ఏ రోజు మళ్లీ మొదలైంది, ఇంకో అడ్డంకితో కలిసిపోయిన రోజులెన్ని, అవి తీసేస్తే నికరంగా పోయినవెన్ని, అన్నీ రాయాలి. రెండు వైపుల సంతకాలు లేకపోతే మార్కులు లేవు. షెడ్యూళ్లు వేసే సాఫ్ట్‌వేర్ ప్రైమవెరా నేర్చుకోవాల్సిన టైములో ఈ గుమాస్తా పని ఏమిటని అందరికీ చిరాకు.

2020లో హైదరాబాద్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ ప్రాజెక్టుకు కాంట్రాక్టర్ వైపు ప్లానింగ్ ఇంజనీర్‌గా ఉన్నాను. రిటైనింగ్ వాల్ డ్రాయింగ్ మార్చి ఇస్తామని క్లయింట్ పని ఆపించాడు. సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 21 దాకా 31 రోజులు. ఈలోపే అక్టోబరు 13న నగరాన్ని ముంచిన ఆ వాన. సెల్లార్ గుంత నిండా నీళ్లు. తోడించి, బురద ఎత్తించేసరికి 29వ తేదీ దాటింది, 17 రోజులు. ఏ రోజుది ఆ రోజే రాసి, ఆ వారంలోనే క్లయింట్ ఇంజనీర్ సంతకం తీసుకున్నాను. "ఇప్పుడెందుకండీ, చివర్లో చూసుకుందాం" అన్నారాయన. "చివరికి మనిద్దరం ఇక్కడ ఉంటామో లేదో సార్" అన్నాను. ఫైనల్ బిల్లు నాటికి ఆయన నిజంగానే ఉద్యోగం మారిపోయారు.

బిల్డింగ్ 52 రోజులు ఆలస్యంగా అప్పగించాం. మొత్తం 52 రోజులకూ ఎల్‌డీ, అంటే ఆలస్యానికి కాంట్రాక్టులో రాసుకున్న పెనాల్టీ, కోస్తామని క్లయింట్ నుంచి లెటర్ వచ్చింది. 31, 17 కలిపి 48 రోజులు మాఫీ అడుగుదామన్నారు మా ఎండీ గారు. నేను వద్దన్నాను. 13 నుంచి 21 దాకా తొమ్మిది రోజులు రెండు అడ్డంకులూ ఒకేసారి ఉన్నాయి. వాటిని రెండుసార్లు లెక్కేస్తే రిజిస్టర్ మీదే నమ్మకం పోతుంది. 39 అడిగాం. వాళ్ల కన్సల్టెంట్ పేజీలు తిప్పి, సంతకాలు చూసి, 39కీ ఒప్పుకున్నారు. 1872 కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న పెనాల్టీ గరిష్ఠ పరిమితి మాత్రమేనని పరీక్షలో రెండు పేజీలు రాశాను. ఆ మీటింగ్‌లో దాని అవసరమే రాలేదు. ఆ రోజు సాయంత్రం సార్‌కి ఫోన్ చేసి చెబితే, ముందు అడిగింది "ఓవర్‌ల్యాప్ తీసేశావా?" అనే.

మిగతా 13 రోజులకు కోత పడింది. అది న్యాయమే. ఛత్ పూజకు ఊరెళ్లిన బిహార్ సెంట్రింగ్ గ్యాంగ్ తిరిగొచ్చేదాకా పోయిన రోజులవి, మా షెడ్యూల్లో వాటిని పెట్టుకోలేదు. కోర్సు అయిన కొత్తల్లో ప్రైమవెరా ఒక్కదానికే ఫీజు కట్టొచ్చని జూనియర్లకు చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. క్లాసులో వేసిన షెడ్యూల్లో లేబర్ ఎప్పుడూ నిండుగా ఉంటారు. నేను చూసిన సైట్లలో ప్రైమవెరా నెలవారీ రిపోర్టుకే, రేపటి పని మాత్రం ఎక్సెల్ మీద, మేస్త్రీకి చేసే ఫోన్ మీద నడుస్తుంది.

మా బాబాయి కొడుకు ఈ ఏడాది గేట్ రాశాడు, చేరమంటావా అని అడిగాడు. నా సంగతి వేరు. బీటెక్ తర్వాత రెండేళ్లు సైట్‌లో ఉండి వెళ్లాను, గేట్ స్కోరుతో నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది, ఇంట్లో అప్పు చెయ్యాల్సి రాలేదు. సైట్ చూడకుండా వెళ్లి ఉంటే ఆ రిజిస్టర్ నాకు చిరాకుగానే మిగిలేదేమో. లక్షల్లో ఫీజు కట్టాల్సిన చోటైతే, కాంట్రాక్టుల పేపరు ఎవరు చెబుతున్నారో ముందు కనుక్కోమన్నాను. ఫైనల్ బిల్లు దాకా పని నడిపిన మనిషైతేనే చేరమన్నాను.