మద్దెల నిజంగానే ఓడైతే: పెన్ టాబ్లెట్ కొనే కొత్తవారికి ఒక హెచ్చరిక

డిజిటల్ పెయింటింగ్ నేర్చుకుందామని పెన్ టాబ్లెట్ కొనబోతున్నారా? అదీ మొదటిసారా? అయితే ఇది చదివాక డబ్బు కట్టండి. నాకు 3,650 రూపాయలు పోయాయి, దాదాపు ఆరు వారాల రాత్రులు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ ఆరు వారాలూ నా చేతికే గీత రాదని నమ్మాను చూడండి, నా కోపమంతా అక్కడే.

నేను లెక్కలు రాసుకునే ఉద్యోగిని. వారపత్రికల్లో వచ్చిన బాపు గారి బొమ్మలు కత్తిరించి ట్రంకు పెట్టెలో దాచుకున్న ఇల్లు మాది. ఒకే వంపులో సన్నగా మొదలై, నడుమ లావెక్కి, మళ్లీ సన్నగా ముగిసే ఆ గీతంటే చిన్నప్పటి నుంచీ మోజు. తెర మీద అలాంటి గీత రావాలంటే మౌసుతో కుదరదు. చేతి ఒత్తిడిని గుర్తించే పెన్ను, దాని కింద పలక కావాలి. బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు లేదు, క్రిటా ఉచితంగానే దొరుకుతుంది. అందుకని పెట్టిన డబ్బంతా పలక మీదే పెట్టాను. ఒక ఆన్‌లైన్ అంగడిలో పేరున్న కంపెనీ సరుకు మంచి తగ్గింపు ధరకు కనిపించింది. ‘కొత్తది, సీలు తీయనిది’ అని రాసి ఉంది. పెట్టె వచ్చింది, పైన ప్లాస్టిక్ తొడుగు కూడా ఉంది. ఇంకేం చూడాలి అనుకున్నాను.

రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు కూర్చునేవాడిని. పది నిమిషాలు గీతలు, పది నిమిషాలు కోలగుండ్రాలు, ఆ తరువాత ఇంట్లో ఉన్న వస్తువు ఏదైనా ఒకటి. స్టీలు చెంబు మూతి గీయడానికే ఒక వారం పట్టింది. అడ్డగీతలు, నిలువు గీతలు బాగానే వచ్చేవి. ఏటవాలుగా గీస్తే మాత్రం గీత పొడవునా చిన్న చిన్న అలలు. పెన్ను మెల్లగా ఆనిస్తే అసలు గీతే పడదు, కొంచెం నొక్కితే ఒక్కసారిగా లావుగా పడుతుంది. ఇక సన్నం ఎక్కడ, లావు ఎక్కడ!

కొత్తవాడిని కదా, తప్పు నాదే అనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పరికరాన్ని తిట్టుకోవడం దేనికని నోరు మూసుకున్నాను. అనుభవమున్న ఒక మిత్రుడికి చూపిస్తే, గీతను నునుపు చేసే సౌకర్యం క్రిటాలోనే ఉంది, దాన్ని పెంచుకో అన్నాడు. పెంచాను. అలలు తగ్గినట్టు కనిపించాయి. మంచి సలహానే, కానీ జబ్బు బయటపడకుండా పైన పూత పూసినట్టయింది.

ముప్పై ఎనిమిదో రోజున పెన్ను నిబ్బు చూశాను. ఒక పక్కకు అరిగిపోయి ఉలిలా తయారైంది. నా సాధనకు ఇదే గుర్తని ఎంత మురిసిపోయానో! ఫొటో తీసి బంధువులకు కూడా పంపాను. పెట్టెలో అదనంగా ఇచ్చిన నిబ్బుల పొట్లం విప్పి ఒకటి మార్చబోతే అది పెన్నులో దూరలేదు. రెండోదీ దూరలేదు. మొత్తం పది ఉన్నాయి, పదీ లావే. అప్పుడు పలక వెనక్కి తిప్పి చూశాను. దాని మీదున్న సీరియల్ నంబరు, పెట్టె మీదున్న సీరియల్ నంబరు వేరు వేరు. పెన్ను ఇంకేదో మోడల్‌ది. ఆ నిబ్బును అరగదీసింది నా సాధన కాదు, ముఖం తెలియని మరెవరిదో.

మర్నాడు మా అమ్మకు చెబితే పెన్ను ఇలా ఇవ్వమంది. ఆవిడ అరవై ఏళ్లుగా వాకిట్లో ముగ్గు వేస్తున్న మనిషి. తెర వైపు చూడనైనా చూడకుండా, పలక మీద చుక్కలున్నట్టే ఊహించుకుని ఒక మెలిక తిప్పింది. తల ఎత్తి చూస్తే తెర మీద రంపపు పళ్లు. “నా చెయ్యి ముగ్గు మీద ఎన్నడూ వణకలేదురా. ఈ పలకలోనే ఏదో ఉంది” అంది. వారంటీ కేంద్రం వారికన్నా ముందే తేల్చేసింది.

ఆవిడ మాటతో ధైర్యం వచ్చి పరీక్ష చేశాను. మీరు కూడా పెట్టె విప్పిన రోజే చేయండి. క్రిటాలో గీత నునుపు చేసే సౌకర్యాన్ని పూర్తిగా ఆపేయండి. పిల్లల స్కేలు ఒకటి పలక మీద ఏటవాలుగా పెట్టి, పెన్నును దాని అంచుకు ఆనించి నెమ్మదిగా లాగండి. స్కేలు పట్టుకుని గీసిన గీతకు వణుకు ఉండకూడదు. నా తెర మీద అలలు అలాగే ఉన్నాయి, పైగా సమానమైన ఎడంలో. చేతి వణుకు అంత లెక్కగా ఉండదు. ఇలాంటి పలకల్లో అడ్డంగా, నిలువుగా తీగల వల ఉంటుంది. పెన్ను రెండు తీగల మధ్య ఉన్నప్పుడు అది ఎక్కడుందో పలక అంచనా కట్టుకోవాలి. ఆ లెక్క గాడి తప్పితే ఏటవాలు గీతలో ఇలా వరసగా అలలు లేస్తాయి. మంచి పలకలో కూడా మరీ నెమ్మదిగా లాగినప్పుడో, అంచుల దగ్గరో కాస్త అల కనిపించవచ్చు, దానికి కంగారు పడకండి. నడిమధ్యన రంపంలా ఉంటే మాత్రం వెంటనే వెనక్కి పంపేయండి.

ఒత్తిడి సంగతి తేల్చుకోవడానికి క్రిటా అమరికల్లో టాబ్లెట్ టెస్టర్ అని ఒకటి ఉంది. పెన్నును మెల్లగా ఆనించి, క్రమంగా నొక్కుతూ పోతే ఒత్తిడి అంకె కూడా క్రమంగా పెరగాలి. నాది సున్నా దగ్గర నుంచి ఒకేసారి పైకి గెంతింది. పెట్టె మీద ఒత్తిడిని 8192 స్థాయిల్లో గుర్తిస్తుందని ఘనంగా అచ్చువేశారు. ఆ అంకెను చూసి మోసపోకండి. సరిగ్గా పనిచేసే 2048 స్థాయిలు కొత్తవారికి చాలినన్ని. ఎంత మెల్లగా ఆనిస్తే గీత మొదలవుతుందన్నదే ముఖ్యం, దాన్ని మాత్రం పెట్టె మీద ఎవరూ రాయరు.

ఇంకొకటి, పలకకు అన్యాయం చేయకూడదు కనుక చెబుతున్నాను. పలక మీద చేతి గాజు పెట్టి దాని చుట్టూ పెన్ను తిప్పితే తెర మీద కోడిగుడ్డు వస్తోందా? అది లోపం కాదు. పలక పొడవు వెడల్పుల నిష్పత్తి, తెర నిష్పత్తి కలవలేదంతే. పలకను కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, దాని అమరికల్లో సరిచేసుకోవచ్చు.

ఇక అమ్మినవారి సంగతి. మొదట డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించమన్నారు, ఎక్కించాను. తరువాత కేబుల్ మార్చమన్నారు, మార్చాను. మూడోసారి ఫోనులో “మీరు కొత్తగా నేర్చుకుంటున్నారు కదా సార్, చెయ్యి కుదరాలి, టైము పడుతుంది” అన్నారు. ఆ మాట విన్నాక నాకు విషయం అర్థమైంది. పని తెలిసినవాడికి ఈ పలక అమ్మితే గంటలో తిరిగొస్తుంది. కొత్తవాడు మాత్రం నెల రోజులు తన చేతినే తిట్టుకుంటాడు. ఈలోగా మార్పిడి గడువు 7 రోజులూ గడిచిపోతాయి. ఇక వారంటీ అడుగుదామంటే సీరియల్ నంబరు కలవదు.

గడువు అయిపోయిందంటే చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. లోపమున్న సరుకును, నకిలీని, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని ఆన్‌లైన్‌లో అమ్మేవారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. రెండు సీరియల్ నంబర్ల ఫొటోలు, స్కేలు పరీక్ష వీడియో, అమ్మినవారితో సాగిన సంభాషణ అన్నీ జతచేశాను. అంతవరకు ఏదో ఒకటి చెబుతూ వచ్చిన అమ్మకందారులు కదిలి, 1,500 ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అన్నారు. ఒప్పుకోలేదు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా లేదు.

నేను చేసిన పెద్ద పొరపాటు, పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయకపోవడం. విప్పుతున్నప్పుడే రెండు నంబర్లూ వీడియోలో పడేలా తీయండి. అదనపు నిబ్బుల్లో ఒకటి అప్పుడే పెన్నులో పెట్టి చూడండి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు పెట్టి ఉంటే ఇప్పుడు ఇదంతా రాసే అవసరం ఉండేది కాదు.

ప్రస్తుతానికి ఆ మిత్రుడి దగ్గర మూలన పడి ఉన్న పాత పలక తెచ్చుకున్నాను. అంచులు అరిగాయి, మీద గీతలు పడ్డాయి, స్థాయిలు 2048 మాత్రమే. రాగానే స్కేలు పెట్టి గీశాను, దారం లాగినట్టు వచ్చింది. తరువాత స్కేలు తీసేసి చెంబు మూతి గీశాను. వంకరగానే వచ్చింది. ఈ వంకర మాత్రం నాదే.