స్టీరింగ్ వణుకుతోందని వెళ్తే లోయర్ ఆర్మ్‌లు మార్చేశారు: పాత బండ్లవాళ్లూ, జాగ్రత్త

ఆ టైర్ల షాపు సంగతి మీలో చాలామందికి తెలిసిందే. బయట "అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, నైట్రోజన్ కలిపి ఆఫర్" అని ఫ్లెక్సీ కడతారు. లోపలికి బండి రాగానే ఒకడు కింద దూరి టార్చి వేసి "అయ్యో సార్" అంటాడు. ఆ షాపే. పేరు రాయను, రాస్తే పోస్టు ఎగిరిపోతుంది. కోపం ఇంకా దిగలేదు, వరస తప్పితే సర్దుకోండి.

బండి పాత స్విఫ్ట్ డీజిల్. 14 అంగుళాల రిమ్ములు, అవి కూడా తర్వాత వేయించిన అల్లాయ్‌లు. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి 90 దాటగానే స్టీరింగ్ గజగజ, 115 దాటితే కాస్త నెమ్మదిస్తుంది. బ్రేకు తొక్కినా తొక్కకపోయినా ఒకటే వణుకు. ఇంతవరకూ చెబితే చాలు, పని తెలిసినవాడెవడైనా ముందు చక్రాల్నే విప్పుతాడు. వీళ్లు చక్రాల్ని ఆఖర్న చూశారు, అదీ చూసినట్టు నటించారు. ముందు బిల్లులోకి ఎక్కినవి లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కిందనుంచి బండికి కలిపే ఇనుప చేతులు) రెండు, లింక్ రాడ్లు, ఆ తర్వాత అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), నైట్రోజన్. మొత్తం 11 వేల పైచిలుకు. వణుకు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

అసలు మండింది ఇక్కడ. పాత సామాను ఇవ్వమంటే కాసేపు లోపల వెతికి, గోనెసంచిలో రెండు ఆర్మ్‌లు తెచ్చి డిక్కీలో పడేశారు. తీసి నేలమీద పక్కపక్కన పెడితే రెండింటి వంపూ ఒకే వైపు! లోయర్ ఆర్మ్ కుడిది వేరు, ఎడమది వేరు, ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు. సంచిలో ఉన్నవి రెండూ ఎడమవే. అంటే కనీసం ఒకటి నా బండిది కాదు. కుడివైపుది అసలు మార్చారో, పాతదానికే నల్లరంగు కొట్టారో ఆ దేవుడికే తెలియాలి. "రెండూ ఎడమవే కదండీ" అంటే కౌంటర్‌లో కూర్చున్న పెద్దమనిషి తల కూడా ఎత్తకుండా, "స్క్రాప్‌కి పోయే ఇనుము సార్, ఏదైతే ఏంటి? అయినా పాత బండి. ముసలాళ్లకి చేతులు వణకవా?" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు. ఆహా, ఏం డయాగ్నసిస్! టార్చి వేసి చూపించినప్పుడు తలూపినవాడికి ఇంతకంటే మర్యాద ఎందుకులెండి.

ఇప్పుడు విషయంలోకి. 185/70 టైరు వేసిన 14 అంగుళాల చక్రం 100 స్పీడులో సెకనుకి 14 సార్లు పైగా తిరుగుతుంది. రిమ్ము అంచున ఒకచోట 30 గ్రాముల బరువు తేడా ఉంటే ఆ స్పీడులో సుమారు నాలుగు కిలోల బలంతో ప్రతి చుట్టుకీ చక్రాన్ని బయటికి లాగుతుంది. అదే 50లో ఒక కిలో మాత్రమే. స్పీడు రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది కాబట్టి ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఏమీ తెలీదు. 90కీ 110కీ మధ్య ఆ కుదుపు లయ, సస్పెన్షన్, స్టీరింగ్ సహజంగా ఊగే లయ దగ్గరవుతాయి, అందుకే అక్కడ వణుకు పతాకస్థాయి. అది దాటాక తగ్గినట్టు అనిపిస్తుంది. దీనికీ అలైన్‌మెంట్‌కీ సంబంధం లేదు. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒక పక్కకి లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. నైట్రోజన్ గురించి మాట్లాడటమే దండగ, మామూలు గాలిలోనే 78 శాతం అది ఉంది.

షెడ్డుకి వెళ్లేముందే రోడ్డు మీద సగం తేల్చుకోవచ్చు. వణుకు స్టీరింగ్‌లో ఉంటే ముందు చక్రాలు, సీటులో, ఫ్లోర్‌లో ఉంటే వెనకవి అని మొదటి అంచనా. బ్రేకు తొక్కితేనే వస్తే బ్రేకు డిస్కులు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చి, వదిలితే పోతే డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిన్ బలాన్ని చక్రానికి అందించే కడ్డీ) లోపలి జాయింట్. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద 90లో క్లచ్ తొక్కండి (తాళం మాత్రం ముట్టుకోకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది). ఇంజిన్ ఆర్‌పీఎం పడిపోయినా వణుకు అలాగే ఉంటే ఇంజిన్ మౌంటింగుల మీద అనుమానం వదిలేయొచ్చు. గుయ్‌మని మోత కూడా వస్తూ, మలుపులో ఒకవైపు తిప్పితే పెరిగి ఇంకోవైపు తిప్పితే తగ్గితే వీల్ బేరింగ్ చూడాలి.

తర్వాత పైసా ఖర్చు లేని పరీక్ష ఇంకోటుంది. ముందు చక్రాలు రెండూ వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చి అదే రోడ్డు మీద తోలండి. వణుకు స్టీరింగ్ వదిలి సీటులోకి వస్తే తప్పు చక్రంలోనే ఉన్నట్టు. ఆర్మ్‌లూ, స్టీరింగ్ రాక్‌లూ అని ఎవడు చెప్పినా వినకండి. వణుకు స్టీరింగ్‌లోనే ఉండిపోతే అప్పుడు హబ్ (చక్రం బిగించే భాగం), బేరింగ్, జాయింట్ల వైపు చూడాలి. జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని గడియారంలో 3, 9 ఉండేచోట పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ చివర) లూజు తెలుస్తుంది. 12, 6 దగ్గర ఊపితే బాల్ జాయింటో, బేరింగో. ఒక మాట న్యాయంగా చెప్పాలి. చీలిపోయిన లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్ వణుకుని పెంచి చూపిస్తుంది, పుట్టించదు. చక్రం సరిచేయకుండా బుష్ మారిస్తే కొన్నాళ్లు తగ్గినట్టుంటుంది, ఆ తర్వాత మళ్లీ మొదలు.

బ్యాలెన్సింగ్, అదే ఆ బరువు తేడాని చిన్న వెయిట్లు అంటించి సరిచేయడం, వీళ్లు చేసినట్టు కాదు. పాత వెయిట్లు పీకకుండానే, రిమ్ము లోపల ఎండిన బురద ఉండగానే చక్రం మెషీన్ మీదికెక్కింది. ఒకసారి తిప్పారు, లోపలివైపు 45, బయటివైపు 20 గ్రాములు చూపించింది. అంటించాల్సినవి అంటించి, మళ్లీ తిప్పకుండానే దించేశారు. రెండోసారి తిప్పి రెండు పక్కలా సున్నా వస్తేనే అది బ్యాలెన్సింగ్. సరిగ్గా చేసేవాడైతే పాత వెయిట్లు తీస్తాడు, ట్రెడ్డులో రాళ్లు గీకుతాడు, రిమ్ము కడుగుతాడు, కోన్ (చక్రం మధ్య రంధ్రంలో దూరే మెషీన్ శంకువు) శుభ్రంగా తుడిచి చక్రం నడిమధ్యలో కూర్చోబెడతాడు. రిమ్ము దూరం, వెడల్పు, సైజు మెషీన్‌లో కొట్టి, లోపలి అంచుకీ బయటి అంచుకీ వేరువేరుగా వెయిట్లు వేస్తాడు. సున్నా వచ్చాక నట్టు వదులుచేసి, చక్రాన్ని షాఫ్ట్ మీద సగం చుట్టు తిప్పి బిగించి మళ్లీ తిప్పమనండి. ఈసారి 5, 10 గ్రాములు దాటి చూపిస్తే కోన్ మీద సరిగ్గా కూర్చోలేదన్నమాట. ఆ సున్నా ఉత్త సున్నా. ఈ మాట అడిగితే చాలు, మొహాలు మారతాయి.

ఒక పక్కే 60 గ్రాములు దాటి అడుగుతుంటే వెయిట్లు అంటించుకుంటూ పోవడం కాదు, రిమ్ము వంగిందో, టైరు లోపల బెల్టు (ఉక్కు తీగల పొర) విడిపోయిందో చూడాలి. చక్రం గాల్లో తిరుగుతుండగా రిమ్ము అంచు దగ్గర సుద్దముక్క కదలకుండా పట్టుకుంటే, వంగిన రిమ్ము మీద ఒక్కచోటే గీత పడుతుంది. మిల్లీమీటరు దాటి ఊగితే వంగినట్టే. తర్వాత వేరేచోట చూపిస్తే నా బండిలో బయటపడింది అదే, కుడి ముందు రిమ్ము లోపలి అంచు సొట్ట. బయటినుంచి చూస్తే రిమ్ము నిగనిగలాడుతోంది. గుంతలో పడ్డ అల్లాయ్‌కి ముందు వంగేది లోపలి అంచే, అది లోపల చెయ్యి పెట్టి తడిమితే గానీ తెలీదు.

అల్లాయ్‌లు తర్వాత వేయించుకున్నవాళ్లు ఇంకోటి చూసుకోండి. ఆ స్విఫ్ట్ హబ్ మధ్య భాగం 54.1 మిల్లీమీటర్లు. బయట దొరికే అల్లాయ్‌ల రంధ్రం చాలావాటికి అంతకంటే పెద్దది. మధ్యలో ప్లాస్టిక్ రింగు వేయకపోతే నాలుగు నట్లే చక్రాన్ని మధ్యలో నిలబెట్టాలి. టైర్లు మార్చినప్పుడు ఆ రింగులు ఊడి కిందపడితే ఎవడూ తిరిగి పెట్టడు. నట్లు చక్రం గాల్లో ఉండగా చేత్తో ఎదురెదురుగా బిగించి, కిందికి దించాక టార్క్ రెంచ్‌తో 85 న్యూటన్ మీటర్లకి ముగించాలి. నట్లు బిగించే గాలి గన్‌తో బర్రుమని ఒక్క వరసలో బిగిస్తే చక్రం ఒక పక్కకి కూర్చుంటుంది, డిస్కుకీ చేటు.

సలహా అంటారా? బండి ఇచ్చేముందు మార్చబోయే పార్టు మీద మీ ఎదురుగానే మార్కర్‌తో గీత గీయించండి. బిల్లులో పార్టు నంబరూ, కుడో ఎడమో రాయించండి. టైరు పక్కనున్న నాలుగంకెల తేదీ ఫోటో తీసుకోండి, 2318 అంటే 2018లో 23వ వారం. బ్యాలెన్సింగ్ మెషీన్ స్క్రీన్ కనిపించేచోట నిలబడండి. "కస్టమర్లు లోపలికి రాకూడదు" అని బోర్డున్న షాపైతే బండి దిగకుండానే రివర్స్ గేరు వేయండి.